ఫలితం తెలిసిన ఆట

పూల్ ఆటలో పాతతరం పోటీల చిత్రాలను చూచేవారిని తరచుగా ఒక ప్రశ్న అడుగుతారు. గెలిచినది ఎవరో ముందే తెలుసును గదా, ఇంకా చూడడానికి ఏమున్నది? దీనికి సమాధానం చేర్యాలలో దొరుకుతుంది.

ఆ ఊరి నకాషీ చిత్రకారులు చింతగింజల జిగురూ సుద్దమట్టీ పట్టించిన గుడ్డమీద, ఎర్రని పూత నడుమ, వరుసలు వరుసలుగా పురాణకథలను చిత్రిస్తారు. కూనపులివారు అట్టి పటాన్ని పద్మశాలీల వాడకు తెచ్చి మార్కండేయ పురాణం చెబుతారు. మందహెచ్చులవారు గొల్లలకు కాటమరాజు కథ వినిపిస్తారు. ఆ కథ ఎరుగనివాడు ఆ వాడలో ఉండడు. అయినా ప్రొద్దుపోయేదాకా కదలరు. తరువాత ఏమవుతుందోనన్న ఆత్రం తీరినవానికే కన్ను బొమ్మమీద నిలుస్తుంది.

పూల్ బల్ల సంగతీ అంతే. క్యూ అనే కర్రతో తెల్లబంతిని కొట్టి, దాని తాకిడితో రంగుబంతులను ఆరు పాకెట్లలో పడవేయడం ఈ ఆట. కొత్తగా చూచేవాని దృష్టి పడిపోయే రంగుబంతి వెంట పోతుంది. ఆట తెలిసినవాడు చూచేది తెల్లబంతిని. అది ఆగిన చోటును బట్టే తరువాతి దెబ్బ ఉంటుంది. దానిని నడిమికి పైన కొడితే తాకిన తరువాత కూడా ముందుకు సాగుతుంది. క్రింద కొడితే వెనుకకు మరలుతుంది. ప్రక్కన కొడితే అంచును తాకి మరొక దారి పడుతుంది. గొప్ప ఆటగాడు కష్టమైన దెబ్బ అవసరమే రాకుండా ముందుగా అమర్చుకొంటాడు. అందుచేత అతని ఆట మనకు సులువుగా కనబడుతుంది. ఆ సులువు వెనుకనున్న పనితనం తెలియాలంటే రెండవసారి చూడవలసిందే.

1996లో హాంకాంగులో ఫిలిప్పీన్సుకు చెందిన ఎఫ్రెన్ రేయెస్, అమెరికావాడైన ఎర్ల్ స్ట్రిక్లాండ్ మూడురోజులు తలపడినారు. ముందుగా 120 ఆటలు గెలిచినవానికి లక్ష డాలర్లు. ఓడినవానికి ఏమీ లేదు. ఒక దశలో 17 ఆటలు వెనుకబడిన రేయెస్ చివరకు 120-117తో గెలిచినాడు. ఈ అంకెలు ఎరిగి చూచేవాడు, వెనుకబడిన మనిషి ఎట్లా నిలిచినాడో, ముందున్నవానికి పట్టు ఎక్కడ సడలినదో వెదకగలుగుతాడు. అంతకు ముందటి సంవత్సరం రీనో నగరంలో ఈ ఇద్దరి మధ్యనే, పోటీ తేల్చే ఆఖరి ఆటలో, కొట్టవలసిన బంతికి సూటిదారి లేకపోయినది. రేయెస్ తెల్లబంతిని రెండు అంచులకు తగిలించి, మలుపులు తిప్పి, ఆ బంతిని పాకెట్లో వేసినాడు. ఆ ఒక్క దెబ్బను నేను ఎన్నిసార్లయినా చూడగలను.

చిత్రం లేని ఆటల మాట వేరు. 1954 మార్చిలో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో విల్లీ మాస్కోనీ వరుసగా 526 బంతులు పడవేసినాడు. చూచినవారు సంతకాలు చేసిన ధ్రువపత్రం మిగిలినది. సంఖ్య దక్కినది గాని ఆట దక్కలేదు. 2019లో జాన్ ష్మిట్ 626 బంతులు పడవేసినప్పుడు కెమెరా ఉన్నది.

మన దేశంలో ఇట్టి ఆటలు చాలకాలం క్లబ్బుల తలుపుల వెనుకనే ఉండిపోయినవి. పూల్‌కు దగ్గరి చుట్టమైన స్నూకర్ 1875లో మన జబల్‌పూరులోనే, ఆంగ్ల సైనికాధికారుల నడుమ పుట్టినదన్న సంగతి మనలో ఎందరికి తెలుసు? ఫలక్‌నుమా భవనంలో బిలియర్డ్స్ గది ఉన్నది; అందులోని ఆట ఊళ్లవారి కంట పడినది కాదు. ఈనాడు చేర్యాల కుర్రవాడు ఫోనులో రేయెస్‌ను చూడగలడు.

అయితే చూపు నేర్పేవాడు కావాలి. చేర్యాల పటం ఇప్పుడు చిన్న చిన్న బొమ్మలుగా గోడల అలంకారానికి పోతున్నది. దానిని విప్పి కథ చెప్పేవారు తగ్గిపోయినారు. చెప్పేవాడు లేని పటంలో రంగులే కనబడతాయి. వ్యాఖ్యానం తెలియని పాత పోటీలో బంతుల చప్పుడే వినబడుతుంది. మీ ఎరుకలో క్లబ్బు బల్లమీద ఆడిన వృద్ధులెవరైనా ఉంటే, ఒక సాయంకాలం వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని 1996 నాటి ఆ పోటీని పెట్టండి. తెల్లబంతి ఆగినప్పుడెల్లా వారేమంటారో వ్రాసి ఉంచండి.