పాత పేరు, కొత్త బండి

1961లో మైసూరు ఐడియల్ జావా కర్మాగారమున తయారై మన వీధులకు వచ్చిన మోటారు సైకిలు చప్పుడు, శ్రోతలలో పలువురి చెవులలో నేటికిని నిలిచియే యుండును. కిక్కు రాడే గేరు రాడు కూడ నగుట దాని వింత. ప్రాగ్ నగరమున 1929లో జానెచెక్ అను పారిశ్రామికుడు, తన పేరులోని ‘జా’కు వాండరర్ అను జర్మను బండి పేరులోని ‘వా’ చేర్చి కట్టిన పేరది. మనదేశమున అది పిమ్మట యెజ్డీగా మారినది. 1996లో కర్మాగారము మూతపడినది.

2018 నవంబరులో క్లాసిక్ లెజెండ్స్ సంస్థ జావాను మరల తెచ్చినది. తయారగునది మైసూరున గాదు, మధ్యప్రదేశ్‌లోని పీతంపూరున. ట్యాంకు వంపు, జంట సైలెన్సర్లు పాతవానిని పోలినవే. లోపలి యంత్రము వేరు: 2018లో వచ్చినది 293 సీసీలది, నాలుగు స్ట్రోకులది, ద్రవముతో చల్లబడునది.

చిక్కంతయు ఇచటనే యున్నది. పాత రెండు స్ట్రోకుల యంత్రమునకు వాల్వులు లేవు. ఓపికగల మేస్త్రీ చెట్టునీడను విప్పి బిగించెడివాడు. కొత్తదానికి సర్వీసు కేంద్రమే దిక్కు. తొలి కొనుగోలుదారులు సొమ్ముకట్టి నెలల తరబడి ఎదురుచూచిరి. అంత అభిమానము చూపినవారికి విడిభాగము కొరకు మరల నిరీక్షణ తప్పనిచో, ట్యాంకు వంపు వారి నెన్నాళ్లు నిలుపగలదు?

ఏటేట జూలైలో పాత జావాల యజమానులు బండ్లతో సమావేశమగుచుందురు. వారి నడుమ కొత్త బండి కనబడినచో, దాని రంగును గూర్చి నేనడుగను. మీటరుపై ఎన్ని కిలోమీటర్లు తిరిగినవో చూతును.