మా అటక మీది పుస్తకంలో వాళ్ళ తాత పేరు

ఈ ఆన్‌లైన్ సభ నిర్వాహకులు నన్ను ‘మాలపల్లి’ గురించి మాట్లాడమన్నారు. 1922లో అచ్చయి, నిషేధానికి గురై, నూరేళ్ళు దాటిన నవల. మీరందరూ చదివిందే. అందుకని కథ చెప్పను. కామందు చౌదరయ్య చేతిలో మాలపల్లి సంగదాసు చనిపోయే ఘట్టం మీకు గుర్తుండే ఉంటుంది. ఈమధ్య ఆ ఘట్టం చదివినప్పుడల్లా నాకు వేరే ఆలోచన వస్తోంది. చౌదరయ్య లాంటి వాళ్ళ వంశవృక్షాలు ఇప్పుడు మన దగ్గర పుష్కలంగా ఉన్నాయి. ఏడెనిమిది తరాల దాకా కట్టి, రంగుల్లో అచ్చేయించి, పెళ్ళిళ్ళలో పంచుతున్నాం. మా ఇంటిదీ ఒకటుంది. మరి సంగదాసు తండ్రి రామదాసు లాంటి వాళ్ళ వంశవృక్షం ఎక్కడుంది?

నేనుండే అమెరికాలో ఈ ప్రశ్న అడిగి, జవాబు కోసం బయల్దేరిన మనిషి ఒకాయన ఉన్నాడు, ఎడ్వర్డ్ బాల్. దక్షిణ కెరొలైనాలో చార్లెస్టన్ దగ్గర కూపర్ నది పొడుగునా వరి తోటలున్న కుటుంబం వాళ్ళది. 1698 నుంచి 1865 దాకా ఆ తోటల్లో దాదాపు నాలుగు వేల మందిని బానిసలుగా ఉంచారు. ఆయన 1998లో ‘స్లేవ్స్ ఇన్ ది ఫ్యామిలీ’ అని పుస్తకం రాశాడు. తమ ఇంటి లెక్కల పుస్తకాలు పట్టుకుని, ఆ బానిసల వారసుల ఇళ్ళకు వెళ్ళి తలుపు తట్టాడు. 1756లో సియెర్రా లియోన్ నుంచి వచ్చిన ఓడలో వాళ్ళ పూర్వీకుడొకడు కొన్న పదేళ్ళ పిల్ల ఉంది. ప్రిసిల్లా అని పేరు పెట్టారు. ఆ పిల్ల దగ్గర్నుంచి నేటి వారసుల దాకా తరాలన్నీ కలిశాయంటే అది ఆ ఇంటి కాగితాల వల్లే. ఎందుకంటే 1850, 1860 జనాభా లెక్కల్లో అమెరికా ప్రభుత్వం బానిసలకు పేర్లే రాయలేదు. యజమాని పేరు కింద వయసు, ఆడో మగో, ఒంటి రంగు, అంతే. అందరికీ పేర్లు 1870లో గాని రాలేదు. అంతకు ముందటి మనిషిని పట్టుకోవాలంటే యజమాని ఇంటి పెట్టె తెరవాల్సిందే.

ఆ పుస్తకం చదివాక మా అటక మీది పెట్టె గుర్తొచ్చింది.

మాది చీరాలకి, పర్చూరుకి మధ్య నల్లరేగడి ఊరు. పత్తి, మిరప, పొగాకు. మా తాత ఉగాది నుంచి ఉగాదికి పాలేళ్ళ లెక్క రాసేవాడు. జీతం కింద జొన్నలు ఎన్ని, బట్టలు ఎన్ని జతలు, మధ్యలో వాడుకున్నది ఎంత, తేలిన బాకీ ఎంత. ఆ పుస్తకం పోయినేడు ఇక్కడికి తెచ్చుకున్నాను. అందులో ఒక పేరు మా ఊరి మాస్టారి తాతగారిదని అనుమానం వచ్చి ఆయనకు ఫోన్ చేశాను. ఆయన తెలుగు పండితుడిగా చేసి రిటైరై ఒంగోల్లో ఉంటున్నారు.

“మాస్టారూ, మీ తాతగారి పేరు మా పుస్తకంలో కనపడిందండీ” అన్నాను.

“ఎట్టా రాశారు?” అని అడిగారు.

‘గాడు’ చేర్చి రాసిన పేరు. చదవడానికి నోరు రాలేదు. ఆయనకి అర్థమైంది. “ఉన్నది ఉన్నట్టు చదవండి. మీరు దిద్దితే నాకు పనికిరాదు” అన్నారు.

చదివాను. కూతురి పెళ్ళికని తీసుకున్న అప్పు. మరుసటి ఉగాదికి తీరలేదు. ఆ పైయేటికి పెరిగింది. ప్రమాది ఉగాది నాడు మాత్రం ఒక కొత్త పేరు చేరింది. పక్కన ‘కొడుకు, పశువుల దగ్గరకి, బాకీలో జమ’ అని ఉంది.

“ఆ కొడుకు మా నాన్న. వయసు వేశారా?”

“లేదండీ.”

“ప్రమాది అంటే 1939. మా నాన్న 1930లో పుట్టాడు, చర్చి రిజిస్టర్లో ఉంది. అంటే తొమ్మిదేళ్ళు కూడా నిండలేదు.” ఆగి, అన్నారు: “చదువు ఎక్కక బడి మానేశానని మాతో చెప్పేవాడండీ. చనిపోయేదాకా అదే చెప్పాడు. మేం పిల్లలం ఆయన్ని ఎగతాళి కూడా చేశాం.”

నేనేం మాట్లాడగలను? ఆయనే మళ్ళీ అడిగారు, “మా నాయనమ్మ మీ గొడ్లచావిడి ఊడ్చేది. ఆమె పేరుందా?” లేదు. పుస్తకం మొత్తం మీద ఆడవాళ్ళ పేరు ఒక్కటి లేదు. ఆయనే ఆమె పేరు చెప్పి, “పక్కన రాసి పెట్టుకోండి” అన్నారు. రాసుకున్నాను. ఆ పేరు ఇక్కడ చెప్పను, చెప్పే హక్కు వాళ్ళది.

ఇందాక చర్చలో ఒక మిత్రుడు “మా ఇంట్లో పాలేర్ని సొంత మనిషిలా చూసుకునేవాళ్ళం, పండక్కి బట్టలు పెట్టేవాళ్ళం” అన్నారు. అప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఆయన అబద్ధం చెప్పారని అనను. మా నాయనమ్మ కూడా అదే చెప్పేది. కానీ మా పుస్తకంలో ఆ పండగ బట్టల ఖరీదు పాలేరు ఖాతాలో ఖర్చు కింద రాసి ఉందండీ. జ్వరమొచ్చి పనిలోకి రాని రోజులు విడిగా లెక్కేసి ఉన్నాయి. ప్రేమగా పెట్టామని మనకు గుర్తున్న బట్టలు, పాలేరుకు బాకీగా గుర్తున్నాయి. పాలేరు జ్ఞాపకం అబద్ధమని పుస్తకం తెరిచి ఎవరం చెప్పలేం.

పాలేర్ని బానిస అనొచ్చా అని మీలో కొందరికి సందేహం రావచ్చు. చార్లెస్టన్‌లోలాగా వేలం పాట మా ఊళ్ళో లేదు. ఆ తేడా చిన్నది కాదు, దాన్ని చెరిపెయ్యను. బ్రిటిష్ వాళ్ళు 1833లో బానిసత్వం రద్దు చేసినప్పుడు కంపెనీ ఏలుబడిలోని మన నేలను పక్కన పెట్టారు. 1843 చట్టం వచ్చాక మనిషి మీద యాజమాన్యపు హక్కును కోర్టులు గుర్తించడం మానేశాయి. అప్పును మాత్రం గుర్తించాయి. అప్పు తండ్రి నుంచి కొడుక్కి దిగుతున్నంత కాలం అమ్మకపు పత్రం ఎవరికి కావాలి? వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో గాని రాలేదు. చర్చి రిజిస్టరు లెక్కన చూస్తే, తొమ్మిదేళ్ళు నిండకుండా పనిలో చేరిన ఆ పిల్లవాడికి అప్పటికి నలభై ఆరేళ్ళు.

ఇందులో నన్ను బాగా కలచివేసింది ఇంకోటుంది. మన తెలుగువాళ్ళే, ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నటాల్ వెళ్ళినవాళ్ళున్నారు కదా. 1860 నుంచి 1911 దాకా మొత్తం 1,52,184 మంది భారతీయులు వెళ్ళారు, చాలామంది మద్రాసు రేవు నుంచే. ఆ ఓడల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, పుట్టుమచ్చ అన్నీ రాసుకున్నారు. మీ దక్షిణాఫ్రికా మిత్రులెవరైనా వెతుకుతుంటే ఒక మాట చెప్పండి. 1859 నుంచి 1904 దాకా గుంటూరు కృష్ణా జిల్లాలో కలిసి ఉంది, 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉంది, ప్రకాశం 1970లో పుట్టింది. 1904కి ముందటి జాబితాల్లో గుంటూరు జిల్లా అని వెతికితే దొరకదు. సముద్రం దాటిన కూలీ తండ్రి పేరు ఇవాళ్టికీ దొరుకుతోంది. ఊళ్ళోనే ఉండిపోయి మన చేలో నాగలి పట్టిన మనిషి తండ్రి పేరు దొరకడం లేదు.

అసలేమీ లేదనను. మాస్టారి చేతిలో ఉన్నది చర్చి రిజిస్టరు. 1876-78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పనిలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగలకు పని చూపించాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ అమెరికన్ బాప్టిస్టుల పాత కాగితాలు ఇప్పుడు అట్లాంటాలో ఉన్నాయి. అట్లాంటా మిత్రులు ఈ కాల్‌లో ఉన్నారు, వింటున్నారనుకుంటాను. ఇక వెట్టి మాన్యాలున్న చోట 1858 తర్వాతి ఇనాం రిజిస్టర్లు చూడొచ్చు. కళ్యాణరావు గారి ‘అంటరాని వసంతం’ ఉంది. రూతు తన అత్తింటి తరాలన్నీ తలచుకుంటూ పోతుంది చూడండి, కాగితం లేని కుటుంబం వంశవృక్షం అట్లా ఉంటుంది. ఆ నవలను నేను ఇప్పుడు అలాగే చదువుతున్నాను. కానీ రూతులు అందరిళ్ళలో బతికి లేరు. 1985 జూలై 17 నాటి మారణకాండ తర్వాత కారంచేడు మాదిగలు చీరాలకి వచ్చేశారు, అక్కడే ఉండిపోయారు. ఎవరి పొలంలో ఎవరు చేశారో చెప్పుకునే వీధి కూడా వాళ్ళకి అక్కడ మిగల్లేదు.

మా వంశవృక్షం రెండో ముద్రణలో పాలేళ్ళ పేర్లు చేరుద్దామని నాకనిపించింది. మా బాబాయి ఒప్పుకోలేదు. “ఇంటి గుట్టు వీధిలో పెడతావంట్రా?” అన్నాడు. “బాబాయీ, ఆ పేజీ మన ఒక్కరిదే కాదు” అన్నాను. ఆ తగువు తెగలేదు. కానీ మాస్టారు వేరే కారణంతో కాదన్నారు. “మీ చెట్టు కింద మమ్మల్ని రాయొద్దు బాబూ. కాగితాలివ్వండి, మాది మేం రాసుకుంటాం.” ఎడ్వర్డ్ బాల్ దగ్గర నేర్చుకోలేనిది నాకు ఆయన చెప్పారు. పేజీలన్నీ ఫోటోలు తీసి పంపాను. ‘గాడు’లతో సహా.

ఇప్పుడు మాస్టారికి ఇంకో చిక్కొచ్చింది. బాల్ ఇంటి బానిసలు ఒకే కుటుంబం లెక్కల్లో తరతరాలు కనపడతారు. మన దగ్గర పాలేరు ఉగాదికి కామందును మారేవాడు, కొత్త కామందు పాత బాకీ కట్టి తీసుకుపోయేవాడు. అందుకని ఒక్క పుస్తకంతో పనికాదు. మాస్టారి నాన్నగారు పదిహేనేళ్ళప్పుడు మా ఇల్లు వదిలారు. బాకీ కట్టిన వాళ్ళ ఇంటిపేరు మా పుస్తకంలో ఉంది. వాళ్ళ మనవడు డాలస్‌లో ఉంటాడు, విడిగా మాట్లాడతాను.

మిగతా వాళ్ళకి నా మనవి. ఊళ్ళో పాత ఇళ్ళు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నారు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు అటక ఎక్కండి. ఆస్తి దస్తావేజులు ఎలాగూ తీసుకుంటారు, వాటితోపాటు జీతాల పుస్తకాలూ తీసుకోండి. ఫోటోలు తీసేటప్పుడు అట్ట లోపలి పుటలు వదిలెయ్యకండి. మా తాత బాకీలు కట్టి తెచ్చిన వాళ్ళ పేర్లు అక్కడే రాశాడు. తీసినవి ముందు మీ ఊరి పల్లెలో ఆ కుటుంబానికి పంపండి. యూనివర్సిటీకి తర్వాత ఇవ్వొచ్చు.