నదికి ఎగువన మనం, దిగువన మన పొరుగువాడు



బళ్ళారిలో కూర్చుని సముద్రం గురించి మాట్లాడటమేమిటని మీరు అడగవచ్చు. మన తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. 1953లో హోస్పేట డ్యాం పూర్తయ్యాక కోస్తా నుంచి ఎందరో తెలుగు రైతులు వచ్చి సిరుగుప్ప, కంప్లి, గంగావతి చుట్టూ క్యాంపులు వేసుకున్నారు. మనం ఎగువన స్థిరపడ్డాం. మన బంధువులు ఇంకా దిగువనే ఉన్నారు.

చేపలు నీటిలో కరిగిన ప్రాణవాయువును పీల్చి బతుకుతాయి. లీటరుకు 5 మిల్లీగ్రాములకు పైగా ఉంటే చాలా చేపలకు ఇబ్బంది ఉండదు. 2 కంటే తగ్గితే ఈదగలిగినవి పారిపోతాయి. పారిపోలేని పీతలు, గుల్లలు, చేపగుడ్లు చచ్చిపోతాయి. పొలంలో ఎక్కువైన యూరియా, డీఏపీ, ఊరి మురుగు నీటిలో చేరితే నాచు విపరీతంగా పెరుగుతుంది. అది కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు ప్రాణవాయువును వాడేస్తాయి. నీరు వేడెక్కితే అది మరింత తగ్గుతుంది. 2008 నాటికే ప్రపంచ తీరాల్లో ఇలాంటి మృతమండలాలు 400కు పైగా ఉన్నట్టు శాస్త్రవేత్తలు లెక్కించారు.

బంగాళాఖాతం లోతు నీళ్లలో ప్రాణవాయువు సహజంగానే చాలా తక్కువ. నదుల మంచినీరు ఉప్పునీటి మీద పొరలా పరుచుకుని గాలిని కిందికి దిగనివ్వదు. అలాంటి సముద్రానికి మన ఎరువులు మరో భారం. కరువు ఏట కృష్ణ సముద్రం దాకా చేరదు, నిజమే. వరద వస్తే మాత్రం అన్నిటినీ కడుక్కుపోతుంది.

అంతదూరం వెళ్లకుండానే, 1980లలో హరిహర్ దిగువన తుంగభద్రలో చేపలు గుంపులుగా చచ్చాయి. ఫ్యాక్టరీ వ్యర్థజలాలే కారణమని జనం పోరాడారు. ముందు నిలిచినది సమాజ పరివర్తన సముదాయ. బళ్ళారి అక్రమ గనులపై 2009లో సుప్రీంకోర్టుకు వెళ్లినదీ ఆ సంస్థే.

యెహెజ్కేలు 34వ అధ్యాయంలో దేవుడు బలిసిన గొర్రెలను నిలదీస్తాడు. తాము తేటనీరు తాగి, మిగతాది తొక్కి బురద చేసి బలహీనులకు వదిలారని ఆయన కోపం. మరబోటు ఉన్నవాడు చేపల కోసం దూరం పోగలడు. తెప్ప మీద పోయేవాడు తీరం దగ్గరే వల వేయాలి. ఆ బలహీనుడు అతడే.

రైతులారా, భూసార పరీక్ష చేయించి, అవసరమైనంతే ఎరువు వేయండి. యువకులారా, మన ఊరి మురుగును శుద్ధి చేసి వదులుతున్నారా అని పురసభను అడగండి. నదినీటి పరీక్షల వివరాలను సమాచార హక్కు కింద కాలుష్య నియంత్రణ మండలి నుంచి తెప్పించండి. మనం బాప్తిస్మం పొందే నది ఇది. పొరుగువానిని ప్రేమించడమంటే అతనికి చేరే నీటిని కాపాడటం కూడా.