బటన్ రెడీమేడ్‌దే, ఆల్టరేషన్ మాత్రం మనదే

సూర్యాపేటలో డిగ్రీ చదివే ఒక తమ్ముడు మొన్న ఫోన్ చేసి ఒక మాట అడిగాడు. "అన్నా, బటన్లు, డ్రాప్‌డౌన్లు, క్యాలెండర్లు అన్నీ లైబ్రరీల్లో రెడీగా దొరుకుతున్నయ్ కదా. అవి తెచ్చి పెడితే ఇంక మనం చేసింది ఏముంది? ఇంటర్వ్యూలో నవ్వరా?"

మంచి ప్రశ్న. ఈరోజు ఎపిసోడ్ మొత్తం దాని మీదే. నా జవాబు ముందే చెప్పేస్తా. పండక్కి రెడీమేడ్ ప్యాంటు కొంటాం. ఎవరూ నవ్వరు. కానీ కాళ్ల కింద జానెడు ఎక్కువుంటే అట్లనే వేసుకుని తిరుగుతామా? టైలర్ దగ్గరకు పోయి ఆల్టరేషన్ చేయిస్తాం. కాంపోనెంట్లు కూడా అంతే. రెడీమేడ్ తీసుకోవడం తప్పు కాదు, ఆల్టరేషన్ చేయకుండా వదిలేయడమే తప్పు. మన పని మొత్తం ఆ ఆల్టరేషన్‌లోనే ఉంది.

ముందు కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. మీ ఫోన్లో ఏ యాప్ అయినా తెరవండి. బటన్, పేరు రాసే డబ్బా, తేదీ ఎంచుకునే క్యాలెండర్, "డిలీట్ చేయాలా?" అని అడిగే చిన్న కిటికీ, ఇవన్నీ ముక్కలు. ఒక్కో ముక్కని కాంపోనెంట్ అంటాం. ఇది కొత్త సంగతి కూడా కాదు. 1991లో మైక్రోసాఫ్ట్ విజువల్ బేసిక్ వచ్చినప్పుడే బటన్‌ని మౌస్‌తో లాగి ఫారం మీద పెట్టేవాళ్లు. వెబ్‌లో 2011లో ట్విట్టర్ ఇంజనీర్లు బూట్‌స్ట్రాప్ బయటపెట్టారు. 2013లో ఫేస్‌బుక్ నుంచి రియాక్ట్ వచ్చింది. దాని మీద మెటీరియల్ యూఐ, యాంట్ డిజైన్ లాంటి లైబ్రరీలు పుట్టాయి. గూగుల్ ఫ్లట్టర్‌లో అయితే వీటినే విడ్జెట్లు అంటారు.

మరి మనమే సొంతంగా రాసుకోవచ్చు కదా అంటే, ఒక్క బటన్ తీసుకుందాం. చాలామంది ఒక డివ్ పెట్టి, రంగు వేసి, క్లిక్ ఇచ్చి అయిపోయిందంటారు. మౌస్‌తో నొక్కితే పనిచేస్తుంది. ట్యాబ్ కొడితే దాని మీదకి పోదు. ఎంటర్ కొడితే కదలదు. చూపు లేనివాళ్లు టాక్‌బ్యాక్‌తో వాడితే అది బటన్ అని ఫోన్ చెప్పదు. అదే బ్రౌజర్ ఇచ్చే అసలు బటన్ ట్యాగ్‌లో ఇవన్నీ ముందే ఉన్నాయి. పాపప్ కిటికీ ఇంకా కష్టం. ఎస్కేప్ కొడితే మూసుకోవాలి, వెనకున్న పేజీ మీద క్లిక్ పడకూడదు, మూశాక కర్సర్ పాత చోటికే రావాలి. డైలాగ్ ట్యాగ్ 2022 నుంచి పెద్ద బ్రౌజర్లన్నింటిలో ఉంది. అందుకే వీటిని మొదటి నుంచి రాయకండి. ఎన్నో ఏళ్లు ఎంతోమంది దెబ్బలు తిని నేర్చుకున్నది అందులో ఉంది.

ఇప్పుడు నేను తిన్న దెబ్బ చెప్తా.

మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు, దాని కింద వరి, కోతలప్పుడు వడ్ల ట్రాక్టర్ల బారు, ఇవన్నీ మీకు తెలిసినవే. అటువైపు ఒక మిల్లులో కాంటా చీటీ ప్రింట్ చేసే చిన్న అప్లికేషన్ చేశాను. లోడు బరువు, ఖాళీ బరువు, నికరం, ధర, మొత్తం. ఇంతే. లైబ్రరీ నుంచి నంబర్ డబ్బా తెచ్చి పెట్టాను. రెండు రోజుల్లో పని అయిపోయింది. మంచిగ ఉందన్నారు, నేనూ ఖుషీ.

నాలుగో రోజు ఒక పెద్దాయన చీటీ పట్టుకుని వచ్చాడు. దారిలో ఇంకో కాంటా మీద తూకం వేయించి, ఆ చీటీ జేబులో పెట్టుకుని వచ్చాడు. అందులో 62.40 క్వింటాళ్లు. మా చీటీలో 61.40. "ఏం బాబూ, నా క్వింటాలు ఏడవాయె?" అన్నాడు.

కాంటా కరెక్టే. గుమాస్తా టైప్ చేసింది కూడా 62.40నే. జరిగింది ఏంటంటే, టైప్ చేశాక కర్సర్ ఇంకా ఆ డబ్బాలోనే ఉంది. కింద ప్రింట్ బటన్ కోసం మౌస్ చక్రం తిప్పాడు. పేజీ కిందికి జరగాల్సింది పోయి, డబ్బాలో అంకె ఒకటి తగ్గింది. అది ఇన్‌పుట్ టైప్ నంబర్‌కి పుట్టుకతో ఉన్న గుణం. డబ్బాలో కర్సర్ ఉండగా చక్రం తిప్పితే చాలాచోట్ల విలువ మారుతుంది. స్టెప్ దగ్గర నేను 'ఎనీ' అని ఇచ్చాను కాబట్టి ఒక్కో మెట్టుకి ఒక క్వింటాలు.

లెక్క చూడండి. సులువుగా ఉండడానికి ప్రభుత్వ మద్దతు ధరే తీసుకుందాం. 2025-26కి గ్రేడ్-ఏ వడ్లకు క్వింటాలుకు 2,389 రూపాయలు. 62.40 క్వింటాళ్లకు 1,49,073 రూపాయల 60 పైసలు. 61.40 అయితే 1,46,684 రూపాయల 60 పైసలు. ఒక చక్రం తిప్పుడుకి రైతు 2,389 రూపాయలు పోగొట్టుకుంటాడు. తేమ అని, తాలు అని, తరుగు అని ముందే రైతుకి కాంటా దగ్గర వంద అనుమానాలుంటాయి. దాని మీద నా కోడ్ ఇంకో అనుమానం పెట్టింది. ఆ రోజు మిల్లువాళ్లు వెంటనే చీటీ మార్చి ఇచ్చారు. కానీ రెండో చీటీ జేబులో లేని రైతు సంగతి ఏంటి? ఆ నాలుగు రోజుల చీటీలన్నీ కాంటా పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూసేదాకా నాకు నిద్ర పట్టలేదు.

దీనికి మందు చిన్నదే. టైప్ టెక్స్ట్ పెట్టి, ఇన్‌పుట్‌మోడ్ డెసిమల్ అని ఇవ్వాలి. ఫోన్లో అంకెల కీప్యాడే వస్తుంది, చక్రం తిప్పితే ఏమీ మారదు. అంకెలు, ఒక చుక్క తప్ప ఇంకేం రాకుండా చూసే కోడ్ మనం రాసుకోవాలి. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ల డిజైన్ సిస్టమ్ వాళ్లు కూడా నంబర్ టైప్ వదిలి టెక్స్ట్ టైప్‌కే వచ్చారు. లండన్‌లో జరిగిందే మిర్యాలగూడలో జరిగిందన్నమాట.

రెండో ఆల్టరేషన్, కామాలు. మన లెక్క లక్షల్లో. చాలా లైబ్రరీలు ముందుగా అమెరికా పద్ధతిలో 149,073 అని చూపిస్తాయి. కాంటా దగ్గర అది చదవాలంటే ఒక్క క్షణం ఆగాలి. జావాస్క్రిప్ట్‌లో ఇంటల్ నంబర్‌ఫార్మాట్ అని ఉంది. దానికి 'ఈఎన్-ఐఎన్' అని చెప్తే 1,49,073 అని మన పద్ధతిలో ఇస్తుంది. ఒక్క లైను. దీనికోసం వేరే ప్యాకేజీ ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు కోదాడ పోదాం. మన తెలంగాణ అంచు, హైవే మీద ఇంకొంచెం పోతే ఆంధ్ర. ఇక్కడ ఎరువుల షాపుకి బిల్లింగ్ చేస్తున్నారనుకోండి. కస్టమర్ ఊరు ఎంచుకోవాలి. లైబ్రరీలో సెలెక్ట్ కాంపోనెంట్ ఉంది, రెండు వందల ఊళ్లు అందులో పోశారు. ఫోన్లో వేలితో తోసి తోసి ఊరు వెతకాలి. కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉంటే అయ్యే పనేనా? అందుకే ఆటోకంప్లీట్ కావాలి. రెండక్షరాలు కొడితే ఊరు రావాలి.

అక్కడ కూడా ఆల్టరేషన్ ఉంది. లిస్టులో తెలుగులో 'కోదాడ' అని ఉంది, షాపతను ఇంగ్లిష్ కీబోర్డు మీద కొడతాడు. రెడీమేడ్ ఫిల్టర్ స్క్రీన్ మీద కనిపించే పేరుతోనే పోలుస్తుంది కాబట్టి "ఏమీ దొరకలేదు" అంటుంది. ఒక్కో ఊరికి తెలుగు పేరు, ఇంగ్లిష్ స్పెల్లింగులు రెండు మూడు పక్కన పెట్టి, ఫిల్టర్ వాటన్నింటిలో వెతికేలా మార్చాలి. మండలం పేరు కూడా చూపించాలి. ఎందుకంటే కోదాడ పక్కన చిలుకూరు ఉంది, హైదరాబాద్ పక్కన బాలాజీ గుడి ఉన్న చిలుకూరు ఇంకోటి ఉంది.

ఇంకో మాట. జిల్లాల లిస్టులు కూడా రెడీమేడ్‌గా దొరుకుతాయి. కళ్లు మూసుకుని పెట్టకండి. సూర్యాపేట జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది. కోదాడ సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉంది. 2019లో ములుగు, నారాయణపేట కలిసి మొత్తం 33 అయ్యాయి. పాత లిస్టు పెడితే కోదాడ ఇంకా నల్లగొండలోనే ఉంటుంది. బటన్ పాతదైతే పర్వాలేదు, డేటా పాతదైతే చిరునామానే తప్పు.

మూడోది, నాకు చాలా ఇష్టమైనది, మన తెలుగు ఒత్తులు. ఈ లైబ్రరీలు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాలు చూసి కొలతలు పెట్టినవి. ఇంగ్లిష్ అక్షరం కింద పెద్దగా ఏమీ వేలాడదు. మనకి 'క్వింటాళ్లు'లో వ ఒత్తు, ళ కింద ల ఒత్తు, 'రాష్ట్రం'లో ఒకదాని కింద ఒకటి. డబ్బా ఎత్తు పిక్సెళ్లలో బిగించి, మిగిలింది కనపడకుండా దాచే కాంపోనెంట్‌లో ఒత్తులు సగానికి తెగిపోతాయి. "ళ్లు" కాస్తా "ళు" అయి కూర్చుంటుంది. కంప్యూటర్ మారితే ఫాంట్ కూడా మారుతుంది. విండోస్ 7లో గౌతమి, తర్వాతి విండోస్‌లలో నిర్మలా యూఐ. మీ దగ్గర సరిపోయింది అక్కడ తెగొచ్చు.

ఏం చేయాలి? పేజీలో భాష 'టీఈ' అని చెప్పండి. తెలుగు ఉన్నచోట లైన్ హైట్ 1.7, 1.8 దాకా పెంచి చూడండి. ఎత్తు బిగించకుండా పైన కింద ప్యాడింగ్ ఇవ్వండి. వెడల్పు కూడా చూసుకోండి. 'సేవ్' చిన్న మాట, 'భద్రపరచండి' పెద్దది. అసలు మన షాపుల్లో 'భద్రపరచండి' అని ఎవరూ అనరు, 'సేవ్' అనే తెలుగు లిపిలో రాయండి. నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంట్‌ని అప్లికేషన్‌తోనే పెట్టేస్తే అన్నిచోట్లా ఒకేలా కనిపిస్తుంది. ఫ్లట్టర్ వెబ్ వాడేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. ఫాంట్ లోపల పెట్టకపోతే, నెట్ లేనప్పుడు తెలుగు బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి.

చివరిది, వెబ్బా డెస్క్‌టాపా? ఇప్పుడు అవే కాంపోనెంట్లు రెండు చోట్లా నడుస్తాయి. వెబ్ పేజీని డెస్క్‌టాప్ అప్లికేషన్‌గా కట్టడానికి ఎలక్ట్రాన్ ఉంది. వీఎస్ కోడ్ దానితో చేసిందే. కానీ అది క్రోమియం బ్రౌజర్ మొత్తాన్ని మోసుకొస్తుంది కాబట్టి సైజు పెద్దది. టౌరీ అనేది సిస్టమ్‌లో ఉన్న వెబ్‌వ్యూనే వాడుకుంటుంది, చిన్నగా ఉంటుంది. ఫ్లట్టర్ 2022 నుంచి విండోస్‌కి స్టేబుల్‌గా ఉంది.

కానీ కాంటా గదిలో ఏ కంప్యూటర్ ఉందో ముందు పోయి చూడండి. నేను పోయిన చోట విండోస్ 7. క్రోమ్ 109 తర్వాత విండోస్ 7కి కొత్త క్రోమ్ రాదు. ఎలక్ట్రాన్ 22 తర్వాతివి దాని మీద నడవవు. ఇది తెలియక కొత్త వెర్షన్‌తో కట్టి తీసుకుపోతే, అక్కడ తెరుచుకోనే తెరుచుకోదు. అందరి ముందు మనమే నిలబడాలి.

ఇంకో మంచి సంగతి. కాంటా యంత్రానికి సీరియల్ పోర్టు ఉంటే బరువు నేరుగా తీసుకోవచ్చు. కంప్యూటర్ క్రోమ్‌లో 89వ వెర్షన్ నుంచి వెబ్ సీరియల్ అనే సదుపాయం ఉంది. ఇప్పుడు ఆ మిల్లులో అదే పెట్టాం. బరువు డబ్బాలో ఎవరూ టైప్ చేయరు, చక్రం తిప్పినా మారదు. ప్రింట్‌కి ముందు అంకె పెద్దగా స్క్రీన్ మీద వస్తుంది, రైతు కిటికీ బయట నిలబడి చదువుకోవచ్చు. మొత్తంలో నేను సొంతంగా రాసింది చాలా తక్కువ. బటన్, డైలాగ్, టేబుల్ అన్నీ లైబ్రరీవే. ఆ పెద్దాయన క్వింటాలు కాపాడింది మాత్రం లైబ్రరీ కాదు, దాని మీద చేసిన ఆల్టరేషన్.

అందుకే తమ్ముడూ, ఇంటర్వ్యూలో ఎవరూ నవ్వరు. "లైబ్రరీ వాడాను" అని చెప్పి ఆగిపోకు. "ఇది ఇక్కడ సరిపోలేదు, ఎందుకు సరిపోలేదో ఇది, నేను ఇట్ల మార్చాను" అని చెప్పు. పని తెలిసినవాడి మాట అట్లనే ఉంటుంది.

మీ అందరికీ ఈ వారం హోంవర్క్. ఏ లైబ్రరీ అయినా తీసుకుని ఒక్క ఫారం చేయండి. నాలుగు పరీక్షలు పెట్టండి. ఒకటి, మౌస్ పక్కన పెట్టి కీబోర్డుతోనే ఫారం నింపండి. రెండు, లేబుల్‌లో 'క్వింటాళ్లు' అని రాసి ఒత్తులు చూడండి. మూడు, నంబర్ కొట్టి చక్రం తిప్పండి. నాలుగు, తక్కువ ధర ఫోన్లో, నెట్ ఆపేసి తెరవండి. ఎక్కడ ఆగిపోతుందో అక్కడే మీ పని మొదలవుతుంది. అయ్యాక, మీ వీధిలో ఏ షాపు కౌంటర్ దగ్గరన్నా అడిగి ఒక గంట నిలబడి, వాళ్లు కంప్యూటర్ ఎట్ల వాడుతున్నారో చూడండి. ఏ ట్యుటోరియల్లోనూ లేనిది అక్కడ దొరుకుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ కాంటా చీటీ స్క్రీన్‌ని మొదటి నుంచి కలిసి కడదాం. ల్యాప్‌టాప్ లేకపోయినా ఫోన్లోనే చూసి ఫాలో అవ్వొచ్చు. అప్పటిదాకా ఉంటా మరి, నమస్తే.