బొగ్గు పెరిగింది, కొలువు తరిగింది

(గోదావరిఖనిలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న అంశం ప్రభుత్వ విధానాలు, వ్యాపారం, ఉపాధి. హైదరాబాద్‌లో అయితే ఈ ముచ్చట ఏసీ హాల్లో జరుగుతది. తెర మీద గ్రాఫులుంటయి. 2016లో వ్యాపార అనుకూలతలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ కలిసి దేశంలో మొదటి ర్యాంకు కొట్టినయి. 340 అంశాల పరీక్షలో 98.78 శాతం మార్కులు. మన పిల్లలకు గన్ని మార్కులొస్తే మిఠాయిలు పంచుతం. ఆ ర్యాంకును నేను ఎక్కిరిస్తలేను. పరిశ్రమ పెట్టేటోడు ఫైలు పట్టుకొని పది ఆఫీసుల చుట్టూ తిరిగే రోజులు మనకు తెలుసు. టీఎస్ ఐపాస్ చట్టమొచ్చినంక పెద్ద పరిశ్రమలకు 15 రోజుల్లో అనుమతి ఇయ్యాలని గడువు పెట్టిన్రు. మంచిదే. కానీ ఆ 340 అంశాల్లో మన లక్ష్మీనగర్ దుకాణదారు కష్టసుఖం ఎక్కడా లేదు.

మా నాయన కోల్ ఫిల్లర్. మా కాలనీలో ఒక కిరాణం సేటు ఉండేటోడు. నెలంతా ఉద్దెర తెచ్చుకునుడు, జీతం నాడు లెక్క కట్టుడు. సేటు ఏనాడూ జామీను అడగలే. నాయన మస్టర్లే జామీను. ఈ ఉపన్యాసానికి తయారైతూ మొన్న ఆ దుకాణానికే పోయిన. ఇప్పుడు కొడుకు కూసుంటున్నడు. ఉద్దెర ఇంకా ఇస్తున్నవా అని అడిగిన. "పర్మినెంటోళ్లకు ఇస్తున్న అన్నా. కాంట్రాక్టోళ్లకు ఇస్తలేను. వాళ్లు చెడ్డోళ్లని కాదు. టెండరు మారితే వచ్చే నెల పని ఉంటదో లేదో వాళ్లకే తెల్వది, నాకెట్ల తెలుస్తది?" అన్నడు. నాకు ఖని వ్యాపార వాతావరణం అప్పుడు సమజైంది.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదహారు వేల మంది దాకా కార్మికులుండిరి. తీసిన బొగ్గు ఏడాదికి రెండు కోట్ల టన్నుల చుట్టుపక్కలనే. రాష్ట్రం వచ్చిన 2014 నాటికి కార్మికులు 60 వేల పైచిలుకు మిగిలిన్రు. 2023-24లో కంపెనీ ఏడు కోట్ల టన్నులు తీసింది. కార్మికులు దాదాపు 42 వేలు. బొగ్గు మూడింతలు దాటింది, కొలువులు దాదాపు మూడో వంతుకు పడ్డయి. ఇందులో సగానికి పైగా ఉమ్మడి రాష్ట్రంలో పోయినయని మనం గట్టిగ చెప్పుకున్నం, నిజమే. మరి 2014 తర్వాత పోయిన ఇరవై వేలు ఎవరి ఖాతాలో రాయాలె?

కంపెనీలో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. అంటే మన దగ్గర సర్కారు వ్యాపారానికి అనుమతులిచ్చే ఆఫీసు మాత్రమే కాదు, అదే పెద్ద యజమాని. వేరే జిల్లాల్లో సర్కారు రాయితీలిచ్చి ఎవరో ఒక సేటును కొలువులు పెట్టమని బతిమాలుకుంటది. ఇక్కడ తాను సంతకం పెడితే చాలు.

ఆ సంతకాలు ఎటు పోయినయో చూడున్రి. భూగర్భ బాయిలు నష్టమని ఒక్కొక్కటే మూసుడు, ఓపెన్‌కాస్టులు తెరుసుడు. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీదున్న మట్టి తీసే పని, అదే ఓబీ, ప్రైవేటు కంపెనీలకు టెండర్లు. ఆ పనికి వచ్చే డ్రైవర్లు, ఆపరేటర్లు చాలామంది బయటి రాష్ట్రాల పిల్లలు. క్యాంపులో ఉంటరు, మెస్సులో తింటరు, జీతం ఇంటికి పంపుతరు. వాళ్లను అనేది ఏం లేదు, వాళ్లదీ పొట్టకూటి బాధే. కానీ ఆ పైసలు ఖని బజార్లో తిరుగవు. మేడిపల్లి, లద్నాపూర్ దిక్కు ఊర్లు భూములిచ్చినయి. ఆ భూమి మీద నడిచిన లారీ టైరు పంక్చరు కూడా క్యాంపు లోపటనే అతుకుతున్నరు.

అట్లని బాయిలన్నీ మళ్లా తట్టా చెమ్మస్‌తోనే నడపాలని నేనంటలేను. మా నాయన నడుము చూసినోణ్ని. యంత్రం రావాల్సిందే. యంత్రం వచ్చినప్పుడు ఆపరేటర్ కొలువు ఎవరికి, పర్మినెంటా కాంట్రాక్టా అన్నదే అసలు లొల్లి.

ఈ తేడా దసరాకు కండ్లకు కడుతది. 2023-24లో కంపెనీ లాభం 4,701 కోట్లు. విస్తరణకు 2,289 కోట్లు పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు వాటా ప్రకటించిన్రు. తలకు సగటున లక్షా తొంభై వేలు. అదే ఏడు మొదటిసారి 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు కూడా ఇచ్చిన్రు. ఎంత? ఐదు వేలు. ఆ ఐదు వేలు కూడా ఊరికెనే రాలేదు. 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేసిన్రు. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ వేతనాలున్నయి, మాకెందుకు లేవని వాళ్లు అడిగిన్రు.

పర్మినెంటు అన్నలు నా మీద కోపం చేసుకోవద్దు. మీ వాటా తగ్గించాలని నేను చెప్తలేను. బైకు షోరూమోడు, బట్టల దుకాణమోడు, బంగారం సేటు అందరూ ఆ దసరా పైసల మీదనే ఏడాది లెక్క వేసుకుంటరు. ఆ పైసలు అందుకునే చేతులు ఏటేటా తగ్గుతున్నయి, రిటైరైనోళ్ల జాగల కాంట్రాక్టోళ్లు వస్తున్నరు. షట్టరు ఎవరో వచ్చి దించరు, తనంతట తానే దిగుతది.

ఎరువుల ఫ్యాక్టరీ ముచ్చట కూడా చెప్పాలె. ఎఫ్‌సీఐ 1980లో మన బొగ్గుతోనే యూరియా చేసుడు మొదలుపెట్టింది. 1999లో ఆగిపోయింది, 2002లో కేంద్రం మూసివేత నిర్ణయం చేసింది. క్వార్టర్లలో పిచ్చిచెట్లు మొలిచినయి. 2021లో అది ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో మళ్లా లేచింది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా. రాష్ట్రానికి అందులో 11 శాతం వాటా ఉంది. సంతోషించినం. ఇప్పుడది బొగ్గుతో నడుస్తలేదు, కాకినాడ దిక్కు మల్లవరం నుంచి పైపులో వచ్చే గ్యాసుతో నడుస్తది. పాత ఫ్యాక్టరీ తీరుగ మంది అక్కర లేదు. ఉన్న కాంట్రాక్టు పనికి కూడా దళారులు లక్షలు వసూలు చేసిన సంగతి 2022లో పత్రికలకెక్కింది. కాంట్రాక్టు పనికి లక్షలు లంచమిచ్చే కాడికి మన యువకుడు వచ్చిండంటే, ఏ ర్యాంకు చూసి చప్పట్లు కొట్టాలె?

ఇగ నియామకాలు. నీళ్లు, నిధులు, నియామకాలన్న మాట మీద మనం రోడ్డెక్కినం. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు 35 రోజులు బాయి దిగలే. అప్పుడు నేను డిగ్రీ పిల్లగాణ్ని, వంటావార్పులో ఉల్లిగడ్డలు కోసిన. ఉమ్మడి రాష్ట్రంలో ఆగిపోయిన వారసత్వ ఉద్యోగాలు 2016లో మళ్లీ ఇస్తమన్నరు. 2017లో హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టులో కూడా ఊరట దొరకలే. తర్వాత కారుణ్య నియామకాలొచ్చినయి. దానికి తండ్రి మెడికల్ అన్‌ఫిట్ కావాలె. అంటే నాయనకు రోగముందని డాక్టరు రాస్తే కొడుకుకు కొలువు. ఇంట్లో ఏడవాల్నో నవ్వాల్నో తెల్వదు.

ఇక్కడ మీకు నచ్చని మాటొకటి చెప్త. కోర్టు అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. భూమి పోగొట్టుకున్న ఊరి పిల్లగాడు, కార్మికుని కొడుకు కాని పిల్లగాడు, వాళ్లది కూడా ఈ రాష్ట్రమే కదా. తండ్రి కొలువు కొడుక్కు ఇచ్చుడు ఒక్క ఇంటిని నిలబెడుతది. కొత్త కొలువు పుట్టిస్తేనే బజారు నిలబడుతది.

కొత్తది ఏడ పుట్టాలె? రామగుండం బీ-థర్మల్ 1971లో మొదలై 2024లో ఆగిపోయింది. అంతర్గాం స్పిన్నింగ్ మిల్లు ఎప్పుడో పాయె. 2014 విభజన చట్టంలో 4,000 మెగావాట్ల ఎన్టీపీసీ ప్లాంటు రాసిన్రు, మొదటి దశ 1,600తోనే పదేండ్లు గడిచినయి. బొగ్గు బ్లాకులను కేంద్రం వేలానికి పెడితే 2021 డిసెంబరులో కార్మికులు మూడు రోజులు సమ్మె చేసిన్రు. సింగరేణి 2025లో ఒడిశా పోయి నైనీలో బొగ్గు తీసుడు షురూ చేసింది. కంపెనీకి మంచిదే, ఖనికి ఏమొస్తది?

జర్మనీలో రూర్ అని ఇట్లాంటిదే బొగ్గు సీమ. ఆఖరి బాయి 2018లో మూసిన్రు. కానీ బాయిలు తగ్గుతున్న కాలంలోనే, 1965లోనే, బోకుమ్‌లో విశ్వవిద్యాలయం తెరిచిన్రు. సర్కారు, కంపెనీ, యూనియన్ కూసుండి దశాబ్దాల ముందే లెక్క వేసుకున్నరు. మన దగ్గర కూడా అసలే లేదనను. సెంటినరీ కాలనీలో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, సింగరేణి పైసలతో రామగుండంలో మెడికల్ కాలేజీ 2022లో మొదలైంది. అయితే అక్కడ చదివిన పిల్లలకు ఇక్కడ కొలువేది?

అందుకే యూనియన్ నాయకులొచ్చి ఓటడిగినప్పుడు, మంత్రులొచ్చినప్పుడు రెండు లెక్కలు అడుగున్రి. ఈ ఏడు రిటైరయ్యేది ఎంతమంది, పర్మినెంటుగా పెట్టుకునేది ఎంతమంది? ఓబీ టెండరు నిబంధనల్లో భూములు పోయిన ఊర్ల పిల్లలకు ఆపరేటర్ శిక్షణ, కొలువు రాయనికి అడ్డమేంది? టెండరు కాగితం రాసేది మన కంపెనీయే కదా.

నేను చెప్పేది ఇంతే. ఆ వెనుక తమ్ముడు చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నడు, మైకు ఆయనకియ్యున్రి.