ఓటరు పట్టికలో పేరు
(పఠనమందిరమున చేయబడిన ఉపన్యాసము)

ఎన్నికల చరిత్ర యనగానే మనవారు గెలిచినవారి పేరులును, ఓడినవారి పేరులును, వచ్చిన ఓట్ల సంఖ్యలును ఏకరువు పెట్టుదురు. ఆ లెక్క లవసరమే. కాని వానికి ముందు మూడు ప్రశ్నలు గలవు. ఓటరు పట్టికలో ఎవరి పేరెక్కెను? ఎక్కినవాని ఓటునకు ఎంత బరువు గలిగెను? ఆ ఓటును ఏ పద్ధతిని లెక్కించిరి? ఈ మూడింటికి జవాబు చెప్పని చరిత్ర పునాదిని విడిచి మేడను మాత్రము వర్ణించుట వంటిది.

ఈ సంగతిని ఒక్క యుదాహరణముతో విశదపరుప దలచితిమి. కెనడా దేశమున పడమటి సముద్రతీరమందు బ్రిటిషు కొలంబియా యను రాష్ట్రము గలదు. అందలి మిక్కిలి పెద్ద నగరమగు వాంకూవరులో పాయింటు గ్రే యనునది ఒక శాసనసభా నియోజకవర్గము. అంత దూరపు ఊరి గొడవ మనకేల యని కొందరడుగవచ్చును. మన దేశస్థులను పేరు పెట్టి నలువదియేండ్లు ఓటునకు దూరము చేసిన రాష్ట్ర మది. కావున ఆ చరిత్రలో మనకును వాటా గలదు.

పాయింటు గ్రే 1933వ సంవత్సరపు ఎన్నికలకు ఏర్పడినది. అంతకు పూర్వము వాంకూవరు నగరమంతయు ఒకే నియోజకవర్గముగా నుండెను. ముందుగా ఆ నగరపు పట్టికను విచారింతము. 1900వ సంవత్సరమున తోమెకిచి హొమ్మా యను జపానుజాతీయుడు వాంకూవరు పట్టికలో తన పేరు చేర్చుమని కోరెను. అతడు చట్టప్రకారము బ్రిటిషు ప్రజగా పౌరసత్వము పొందినవాడు. పట్టికాధికారి నిరాకరించెను. ఏలయన చీనావారికిని, జపానువారికిని, ఆ దేశపు ఆదివాసులకును రాష్ట్రశాసనము ఓటు నిషేధించియుండెను. హొమ్మా న్యాయస్థానమున కెక్కి క్రింది కోర్టునను, రాష్ట్రపు పై కోర్టునను గెలిచెను. అంతట వ్యాజ్యము లండనునందలి ప్రీవీ కౌన్సిలునకు పోయెను. 1902 డిసెంబరులో అచ్చట తీర్పు తారుమారయ్యెను. పౌరసత్వము వేరు, ఓటుహక్కు వేరు. ఓటెవరికీయవలెనో నిర్ణయించుట రాష్ట్రశాసనసభ పని. ఆ శాసనము మంచిదో చెడ్డదో విచారించుట కోర్టు పని గాదు. ఇదియే ఆ తీర్పు సారాంశము.

ఇందలి చిక్కు గమనింపుడు. ఓటు లేనివాడు శాసనసభను కదలింపలేడు. శాసనసభ కదలనిదే వానికి ఓటు రాదు. మనుష్యుని గడప వెలుపల నిలిపి, లోనికి వచ్చి గడియ తీసికొమ్మనుట యెట్టి న్యాయము?

1907వ సంవత్సరమున అదే శాసనమందు ‘హిందువు’ అను మాటను చేర్చిరి. ఆ మాటకు మతముతో నిమిత్తము లేదు. పంజాబునుండి పోయి కోతమిల్లులలో చెమటోడ్చుచుండిన సిక్కులును ఆ చట్టమునకు హిందువులే, మహమ్మదీయులును హిందువులే. ఇంతటితో తీరలేదు. న్యాయవాదవృత్తికిని, మందులు కలిపి యమ్ము వృత్తికిని ఆ రాష్ట్రమున ఓటరు పట్టికలో పేరుండుట యర్హతగా నుండెను. మావంటి ప్లీడరు అచ్చట ఎంత చదువు చదివినను గౌను తొడుగుటకు వీలులేకుండెను. ఒక్క పట్టికనుండి పేరు తొలగించినచో, దాని వెంట ఎన్ని తలుపులు మూతపడునో దీనివలన తెలియుచున్నది.

మనవారు ఊరకుండలేదు. వాంకూవరులోని ఖాల్సా దివాను సొసైటీవారు అర్జీలు పెట్టిరి, రాయబారములు నడిపిరి. 1943లో ముఖ్యమంత్రి జాను హార్టు నొద్దకు పోయిన రాయబారమునందు మద్రాసునుండి వెళ్లిన పాండియా యను న్యాయవాది కూడ నుండెను. తుదకు 1947 ఏప్రిలు నెలలో భారతీయులకును చీనావారికిని ఆ రాష్ట్రమున ఓటు వచ్చెను. మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చుటకు అది నాలుగు నెలల ముందు. జపానువారికిని, ఆదివాసులకును 1949 వరకు రాలేదు. స్త్రీలకు 1917లోనే వచ్చెను. మరుసటి సంవత్సరమే మేరీ ఎలెన్ స్మిత్తు అను నామె వాంకూవరునుండి ఉపయెన్నికలో గెలిచి శాసనసభలో ప్రథమ మహిళయై, 1921లో మంత్రిపదవి కూడ నలంకరించెను. ఐనను ఆ గెలుపునాటికి ఆసియాజాతుల స్త్రీకి ఓటు లేదు. హక్కు ఒక్కసారిగా అందరికి రాలేదు, వంతులవారీగా వచ్చినది.

ఇక రెండవ విషయము, లెక్కించు పద్ధతి. పాయింటు గ్రే మొదట త్రిసభ్య నియోజకవర్గము. ఓటరునకు మూడేసి ఓట్లు. ఇట్టిచోట ఒక పక్షమునకు కొంచెము మొగ్గున్నచో మూడు స్థానములును దానికే పోవును. 1933లో అట్లే ముగ్గురును లిబరలు పక్షమువారే గెలిచిరి. 1966 నుండి ఇది ద్విసభ్య మయ్యెను. బహుసభ్య నియోజకవర్గముల చిక్కులు మన యాంధ్రులకు తెలియనివి గావు. 1957లో పార్వతీపురపు ద్విసభ్య లోకసభాస్థానమున రిజర్వుడు తరగతి అభ్యర్థులే రెండు స్థానములను గెలువగా, ఓడిన వి. వి. గిరిగారు వ్యాజ్యము వేసిరి. 1959లో సుప్రీముకోర్టు గెలిచినవారి పక్షముననే తీర్పు చెప్పెను. పిదప 1961 శాసనముతో మన దేశమున ద్విసభ్య నియోజకవర్గములే రద్దయ్యెను.

పాయింటు గ్రే ఓటరులు మరియొక వింతను చూచిరి. లిబరలులును కన్సర్వేటివులును కలిసి సంకీర్ణప్రభుత్వము నడుపుచు, సోషలిస్టులగు సి. సి. ఎఫ్. వారిని దూరముంచుటకై 1952 ఎన్నికలకు క్రొత్త పద్ధతి తెచ్చిరి. ఓటరు అభ్యర్థులకు వరుసగా 1, 2, 3 అని అంకెలు వేయవలెను. తన మొదటివాడు వెనుకబడినచో ఓటు రెండవవానికి పోవును. తమ ఓట్లు తమలో తామే పంచుకొందుమని ఆ రెండు పక్షములును తలంచెను. కాని రెండవ యంకెలు సోషలు క్రెడిటు అను మూడవ పక్షమునకు పోయెను. 48 స్థానములలో దానికి 19, సి. సి. ఎఫ్. వారికి 18 వచ్చెను. వల పన్నినవారే వలలో పడిరి. ఆ సోషలు క్రెడిటు పక్షమున పాయింటు గ్రేనుండి గెలిచిన టిల్లీ రోల్స్టన్ విద్యామంత్రిణి యయ్యెను. కాని మరుసటి సంవత్సరపు ఎన్నికలలో అదే పాయింటు గ్రే ఆమెను ఓడించెను. ఆ పిమ్మట ఆ పద్ధతియు రద్దయ్యెను.

మూడవ విషయము ఓటు బరువు. పట్టికలో పేరుండిన చాలునా? జనము క్రిక్కిరిసిన పట్టణపు నియోజకవర్గమునకు ఒక సభ్యుడు, జనము పలుచనైన కొండప్రాంతమునకును ఒక సభ్యుడు. అట్లయినచో పట్టణవాసి ఓటు దూదిపింజ యగును. 1989లో ఆ రాష్ట్రపు సుప్రీముకోర్టు ప్రధానన్యాయమూర్తి బెవర్లీ మెక్లాక్లిన్, డిక్సన్ వ్యాజ్యమున ఈ యన్యాయమును పరిశీలించిరి. ఓటుహక్కనగా ఓట్ల బరువులో సాపేక్ష సమానత్వము కూడ నుండవలెననియు, నాటి నియోజకవర్గముల హెచ్చుతగ్గులు రాజ్యాంగవిరుద్ధములనియు తీర్పు చెప్పిరి. హొమ్మా తీర్పునకు 87 ఏండ్ల తరువాత న్యాయస్థానము శాసనసభను ఓటరు పక్షమున ప్రశ్నించెను. ఈ మార్పునకు కారణము న్యాయమూర్తుల దయ మాత్రమే గాదు. 1982లో ఆ దేశపు రాజ్యాంగమున ఓటుహక్కు వ్రాతపూర్వకముగ చేరెను. 1991 ఎన్నికలనుండి పాయింటు గ్రే ఏకసభ్య మయ్యెను.

ఐనను చిక్కులన్నియు తీరలేదు. 2001లో పాయింటు గ్రే ప్రతినిధి గార్డన్ క్యాంబెలు నాయకత్వమున బి. సి. లిబరలు పక్షము నూటికి సుమారు 58 ఓట్లతో 79 స్థానములలో 77 గెలిచెను. దామాషా పద్ధతి కావలెనా యని 2005లో ప్రజల నడుగగా నూటికి 57 మందికి పైగా ఔననిరి. కాని 60 కావలెనను నిబంధనచే అది వీగిపోయెను. 2009లోను, 2018లోను మరల నడుగగా ప్రజలే పాతపద్ధతి చాలుననిరి. ప్రజల యిష్టము ప్రజలదే. అడిగి తెలిసికొనుట మాత్రము మేలైన యాచారము.

ఇక ఈ నియోజకవర్గమునకు ప్రఖ్యాతి తెచ్చిన ఘట్టము. 2011లో క్యాంబెలు తప్పుకొనగా, ముఖ్యమంత్రిణి క్రిస్టీ క్లార్కు ఇచ్చటి ఉపయెన్నికలో డేవిడ్ ఈబీ యను యువన్యాయవాదిని ఆరువందలకు లోపు ఓట్ల తేడాతో గెలిచెను. 2013 సాధారణ ఎన్నికలలో ఆమె పక్షము రాష్ట్రమంతట జయించెను గాని, పాయింటు గ్రే మాత్రము సుమారు వేయి ఓట్ల తేడాతో ఆమెను ఓడించి ఈబీని పంపెను. ముఖ్యమంత్రిణి మరియొక ఊరిలో ఉపయెన్నికకు నిలిచి సభలో చేరవలసి వచ్చెను. ఆ ఈబీయే 2022 నవంబరులో ముఖ్యమంత్రి యయ్యెను. ప్రభుత్వము గెలిచినను దాని యధిపతి తన వీధిలో ఓడవచ్చును. పదవి యెంత పెద్దదైనను పట్టికలోని ఒక్కొక్క పేరునకు లోబడియుండు నను సత్యమునకు ఇంతకన్న నిదర్శన మేమి కావలెను?

సభాసదులారా, హొమ్మా మొదలు ఈబీ వరకు గల యీ నూరేండ్ల కథలో ఆ వేయి ఓట్లకు విలువ ఎచ్చటినుండి వచ్చెను? పట్టికలో పేరుకొరకు కోర్టుమెట్లెక్కి ఓడినవారివలన వచ్చెను. నలువదియేండ్లు అర్జీలు వ్రాసిన మిల్లుకూలీలవలన వచ్చెను. మనకు ఆ కష్టము లేకుండ రాజ్యాంగము 326వ అధికరణమున వయోజనులందరికి ఓటు నిచ్చినది. తేరగా వచ్చినదని మనవారు దానిని తేలికగా జూచుచున్నారు. మేము వాలంటీరులమై పట్టికలు చేతబట్టి వాడవాడ తిరిగినపుడు, చనిపోయినవారి పేరులుండుటయు, బ్రతికియున్నవారి పేరులు లేకుండుటయు కన్నులార చూచితిమి. అద్దెయిల్లు మారిన గుమాస్తా, అత్తవారింటికి వచ్చిన కోడలు, పనికై వలస వచ్చిన కూలీ: వీరి పేరులే ముందు జారిపోవును. తెలిసి చేసిన నిషేధమునకును, తెలియక జరిగిన అశ్రద్ధకును ఎన్నికనాడు ఫలిత మొక్కటే.

కావున మేము కోరునది స్వల్పము. పట్టిక ముసాయిదా ప్రకటింపబడినపుడు ఈ పఠనమందిరమున దాని ప్రతి నుంచుడు. వార్తాపత్రిక చదువ వచ్చినవారు తమ పేరుతోపాటు చదువురాని తమ పొరుగువాని పేరును వెదకుడు. లేనిచో గడువులోపల దరఖాస్తు పెట్టింపుడు. అన్యాయముగ కొట్టివేసినచో అభ్యంతరము వ్రాయుడు. ఆ వ్రాతపని మావంటి ప్లీడరులు రుసుము లేకుండ చేయుదురు. అభ్యర్థుల గుణదోషములను తరువాత తీరికగా చర్చించుకొనవచ్చును. ముందు పట్టిక సరిచూచుకొందము.