కూర్చుని చేసే బ్రతుకులు



'కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి' అని మన పెద్దలు సోమరుల గురించి అన్నారు. ఈనాడు మేము మనవి చెయ్యదలచింది సోమరుల గురించి కాదు, కూర్చుని కష్టపడే వాళ్ళ గురించి. విజయనగరం బజారులో కొట్టుమీద కూర్చునే వ్యాపారి, శ్రీకాకుళంలో మిషను ముందు వంగిన దర్జీ, పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వి నూలు వడికే అమ్మ – వీళ్ళలో బద్ధకస్తులెవరు? అయినా పొద్దస్తమానం ఒళ్ళు కదలదు.

దాని ఫలితమేమిటో లండనులో డాక్టరు జెర్రీ మోరిస్, ఆయన సహచరులు బస్సు సిబ్బందిని పరిశీలించి 1953లో ప్రకటించారు. అక్కడివి రెండంతస్తుల బస్సులు. రోజంతా సీటులో కూర్చునే డ్రైవరు కంటే, మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లిచ్చే కండక్టరుకు గుండెజబ్బు తక్కువని తేలింది. నడిచేటప్పుడు కాలి కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. గంటల తరబడి కూర్చుంటే ఆ పని మందగిస్తుంది. ఏళ్ళ తరబడి అదే వరస అయితే షుగరు, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది.

2024లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, 2022లో మన దేశంలో పెద్దవాళ్ళలో ఇంచుమించు సగంమందికి చాలినంత శారీరక శ్రమ లేదు. మగవారిలో నూటికి 42 మంది, ఆడవారిలో 57 మంది.

ఆడవారిలోనే ఎందుకెక్కువ? ఇంటిపని లెక్క కాదా? లెక్కే. ఇల్లు ఊడ్చినా, బిందె మోసినా ఒంటికి మేలే. కానీ పీసుకింత అని కూలికి కుట్టే తల్లి లేచినంతసేపూ కూలి పోతుంది. మిషనుకు మోటారు బిగించాక కాలితో తొక్కడమూ పోయింది. మగవాళ్ళకు మసీదుకు వెళ్ళిరావడమనే నడకైనా ఉంది. దానికీ ఇప్పుడు మోటారు సైకిలే తీస్తున్నాం, అది వేరే సంగతి. ఆడమనిషి 'కాస్త నడిచొస్తాను' అంటే మాత్రం, 'ఎక్కడికి? ఎందుకు?' అని నలుగురూ అడుగుతారు.

ఇంకొకటి. 'మా అమ్మను కూర్చోబెట్టి చూసుకుంటున్నాం' అని గొప్పగా చెప్పుకుంటాం. మంచం దిగనివ్వకపోవడమే ప్రేమ అనుకుంటాం. కాళ్ళలో సత్తువ పోయి ఆ తల్లి పడిపోతే మన ప్రేమ ఏపాటి ఆసరా అవుతుంది?

మన వీరఘట్టం కోడి రామ్మూర్తినాయుడుగారిలా గొలుసులు తెంచనక్కర్లేదు. వారానికి 150 నుంచి 300 నిమిషాలు చురుగ్గా నడిస్తే చాలునని, ఏ కొద్ది కదలికైనా మంచిదేనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పింది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే 150 నిమిషాలు అయినట్టే. గుండెజబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

ఒక్కొక్కరిని 'నడవండి' అని మందలిస్తే లాభం లేదు. నడిచే వీలు నలుగురం కలిసి కల్పించాలి. అందుకు మూడు మనవులు. దుకాణదారులు పనివాళ్ళను అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యనివ్వాలి. ఇంట్లో పెద్దవాళ్ళ చేతినుంచి చిన్నచిన్న పనులు లాక్కోకూడదు. మన పేటలో బడి ఆవరణో, షాదీఖానా ఆవరణో ఉదయం ఒక గంట ఆడవాళ్ళ నడకకు విడిచిపెట్టాలి. దీనికి చందాలక్కర్లేదు, తాళంచెవి ఇస్తే చాలు.

ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో వారిని ఈ సభాముఖంగానే అడుగుతూ సెలవు తీసుకుంటున్నాము.